థాయ్ మాటలు నేర్చుకునే ముందు జాగ్రత్తలు

• తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టకండి. థాయ్‌లో స్వరాలు (అచ్చులు కాదు, గొంతు ఎత్తుదించే తీరులు) 5. మన అక్షరాల్లో అవి కనిపించవు. ‘క్లై’ గొంతు సమంగా పలికితే దూరం, పైనుంచి కిందికి దించితే దగ్గర. దారి అడిగేవాళ్లకు ఈ ఒక్కటి చాలు, తిప్పలు పడటానికి! ఆడియో వింటూ ప్రతి మాట పక్కన బాణం గుర్తు వేసుకోండి.

• మర్యాదకు వాక్యం చివర మగవాళ్లు ‘ఖ్రప్’, ఆడవాళ్లు ‘ఖా’ అనాలి. ఎదుటివారు ఎవరన్నది లెక్కలోకి రాదు.

• ‘ఖ్రప్’ను ‘ఖ్రప్పు’ చేయకండి. మన అలవాటు కొద్దీ చివర ఉకారం వచ్చేస్తుంది. పెదాలు మూసి అక్కడే ఆపేయండి, గాలి వదలొద్దు.

• ప్రశ్న అడిగేటప్పుడు చివరి మాట సాగదీసి గొంతు పెంచితే స్వరం మారి అర్థమే మారొచ్చు. అవునా, కాదా అని అడగాలంటే చివర ‘మై’ చేరిస్తే అదే ప్రశ్న.

• కారం వద్దంటే ‘మై ఫెట్’. ఈ ‘మై’ ప్రశ్నలోది కాదు, వేరే స్వరంలో పలికే ‘కాదు’ అనే మాట. ఇక్కడి ‘ఫ’ ఒత్తు ‘ప’, ‘కాఫీ’లోది కాదు.