బండిలో కంప్యూటర్ – 4వ పాఠం: కార్డు పట్టు తప్పకుండా

బ్యాటరీ కరెంటు ఒడిదొడుకుల నుంచి కంప్యూటర్‌ను కాపాడుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి కార్డులు. బస్సుల్లో, లారీల్లో బిగించే కంప్యూటర్ పెట్టెల్లో 4జీ మోడెమ్, వైఫై, ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే డ్రైవ్) ఎక్కువగా మినీ పీసీఐఈ, ఎం.2 అనే చిన్న కార్డు సాకెట్లలో కూర్చుంటాయి.

గుంతలో పడితే కార్డు ఊడిపోతుందని చాలామంది భయపడతారు. స్క్రూ ఉంటే ఊడదు. అసలు ముప్పు కంటికి కనబడని కదలిక. ఇంజిన్ అదురుకు కార్డు అంచున ఉన్న లోహపు పట్టీలు, సాకెట్ లోపలి స్ప్రింగులు పదుల మైక్రాన్ల మేర అటూ ఇటూ రాసుకుంటాయి. అక్కడ తగరం పూత ఉంటే, ప్రతి రాపిడికీ కొత్త తగరం బయటపడి గాలి తగిలి ఆక్సైడ్ అవుతుంది. ఆ పొడి అక్కడే పేరుకుని కరెంటుకు అడ్డుపడుతుంది. దీన్నే ఫ్రెట్టింగ్ అంటారు. బండి ఆగి ఉన్నా ఇది పూర్తిగా ఆగదు. పగటి ఎండకు, రాత్రి చల్లదనానికి బోర్డూ ప్లాస్టిక్ సాకెట్టూ వేర్వేరుగా సాగి ముడుచుకుంటాయి.

బంగారం ఆక్సైడ్ కాదు కాబట్టి రెండు వైపులా బంగారు పూత ఉన్నవే కొనండి. ఒకవైపు బంగారం, ఇంకోవైపు తగరం మాత్రం వద్దు. తగరం బంగారం మీదకు అంటుకుని అక్కడా ఆక్సైడ్ అవుతుంది.

ఇక్కడ చాలామంది మెకానిక్‌లు మోసపోతారు. మోడెమ్ పోయింది, కార్డు తీసి మళ్లీ పెట్టారు, పనిచేసింది. బాగైందని బండి పంపేస్తారు. నిజానికి తీసి పెట్టినప్పుడు ఆ పొడి కాస్త చెదిరిందంతే. కార్డు కదలడం ఆగలేదు కాబట్టి జబ్బు తిరిగి వస్తుంది. తీసి పెడితే నడిచిందంటే అది రోగ నిర్ధారణ, చికిత్స కాదు.

చికిత్సకు ముందు కరెంటు పూర్తిగా తీసేయండి. పట్టీలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పీచు రాలని గుడ్డతో తుడవండి. పెన్సిల్ రాత చెరిపే రబ్బరుతో రుద్దకండి: 0.76 మైక్రాన్ బంగారం ఉంటేనే మంచి కనెక్టర్ కింద లెక్క, ఆ పూత రబ్బరుకు ఆగదు. పూర్తి సైజు మినీ పీసీఐఈ కార్డుకు రెండు స్క్రూలూ పెట్టండి. ఒక్కటే ఉంటే కార్డు దాని చుట్టూ తిరగబోతుంది. ఎం.2కు ఉండేదే ఒక్కటి కాబట్టి, దాని కింది స్టాండాఫ్ (కార్డును బోర్డు మీద ఎత్తి పట్టే చిన్న స్తంభం) ఎత్తు సరిపోయిందో లేదో తప్పక చూడండి. కార్డు వంగి కూర్చుంటే స్ప్రింగుల మీద ఒత్తిడి సమంగా ఉండదు. స్క్రూ మరకు తక్కువ బలం ఉన్న థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు, అది ప్లాస్టిక్‌కు తగలకూడదు. పొడవాటి కార్డు అంచుకు సిలికాన్ పెట్టాలనుకుంటే న్యూట్రల్ క్యూర్ (గట్టిపడేటప్పుడు ఆమ్లం వదలని) రకమే వాడండి. వెనిగర్ వాసన వచ్చేది రాగిని తినేస్తుంది.

డెస్క్‌టాప్ తరహా పెద్ద కార్డులను నేను బండిలో సిఫారసు చేయను. బ్రాకెట్ ఒక కొసనే పట్టుకుంటుంది, రెండో కొస ఊగుతూనే ఉంటుంది. 1992లో వచ్చిన పీసీ/104 పద్ధతి నాకెంతో ఇష్టం: 90 × 96 మిల్లీమీటర్ల బోర్డులు ఒకదానిమీద ఒకటి పిన్నులతో దిగి, నాలుగు మూలలా స్టాండాఫ్‌లతో బిగుసుకుంటాయి.

అభ్యాసం: ఇంజిన్ ఆన్ చేసి ఉంచి, లినక్స్ కెర్నెల్ లాగ్ (సిస్టమ్ తనలో జరిగినవన్నీ రాసుకునే చిట్టా) చూడండి. మినీ పీసీఐఈ మోడెమ్‌లు చాలావరకు లోపల యూఎస్‌బీ మీదే మాట్లాడతాయి, కాబట్టి యూఎస్‌బీ డిస్‌కనెక్ట్ అనే వరుసల కోసం వెతకండి. ఎస్‌ఎస్‌డీ పీసీఐఈ రకమైతే సరిదిద్దిన ఎర్రర్ల లెక్క, లింకు వేగం తగ్గిందా అన్నదీ రాసుకోండి. ఇంజిన్ ఆపి మళ్లీ అదే చూసి పోల్చండి.

వచ్చే పాఠం మోడెమ్ మీది యాంటెన్నా తీగ గురించి. అప్పటిదాకా దాన్ని ఊరికే ఊడదీయకండి. ఆ బుల్లి యూ.ఎఫ్‌ఎల్ కనెక్టర్ తట్టుకునేది సుమారు 30 సార్లే.