జేమ్స్ చెట్టులో ఎల్2ని పట్టుకోవడం ఎలా

జేమ్స్ చెట్టు అంటే ఆర్.సి. జేమ్స్ 1974లో ఇచ్చిన బానాఖ్ స్పేస్, అంటే నార్మ్ (పొడవు కొలత) ఉన్న సంపూర్ణ వెక్టర్ స్పేస్. దాని ప్రతి అనంత పరిమాణ సబ్‌స్పేస్‌లోనూ ఎల్2 దాగుంది; ఎల్2లో నార్మ్ అంటే గుణకాల వర్గాల మొత్తానికి వర్గమూలం. ఈ చెట్టుకు పునాది ఒక పాక్షిక క్రమం, అంటే కొన్ని జంటలకే పోలిక ఉండే క్రమం. 0, 1లతో రాసే పరిమిత వరుసలన్నీ నోడ్లు. ఖాళీ వరుస వేరు. ఒక వరుసను పొడిగిస్తే వచ్చేది దానికి పైనున్న నోడ్. సబ్‌స్పేస్‌లో ఏం దాగుందో చూడాలంటే ముందు నోడ్లు క్రమంలో ఎలా కూర్చున్నాయో చూడండి. సగం పని అక్కడే తేలిపోతుంది.

ఒక వెక్టర్ అంటే నోడ్లకు పెట్టిన గుణకాలు. నార్మ్ లెక్క ఇదీ. ఒక నోడ్ నుంచి దాని పైనున్న నోడ్ దాకా మధ్యలో ఏదీ వదలకుండా తీసుకుంటే అది ఖండం; ఒక్క నోడైనా ఖండమే. ఒకదానికొకటి తగలని ఖండాలు ఎంచుకుని, ఒక్కో ఖండంలోని గుణకాలు కూడి వర్గం చేసి, ఆ వర్గాల మొత్తానికి వర్గమూలం తీయండి. ఇలా వచ్చే విలువల సుప్రిమమే (అతి చిన్న ఎగువ హద్దే) నార్మ్.

వేరు, 0, 1 మూడింటికీ గుణకం 1 పెట్టి సరిచూసుకోండి. వేరు, 0 కలిసి ఒక ఖండం, 1 విడిగా: 4+1, అంటే √5. మీకు 3 వచ్చిందంటే 0 నుంచి వేరు మీదుగా 1కి దిగిపోయారన్నమాట. 0, 1 మధ్య క్రమమే లేదు, అది ఖండం కాదు.

ఏ రెండింటికీ పోలిక లేని నోడ్లు, ఉదాహరణకు 1, 01, 001..., తీసుకుంటే ఏ ఖండమూ వాటిలో ఒకటికి మించి తాకదు. నార్మ్ అచ్చంగా ఎల్2దే.

చిక్కంతా శాఖ మీద, అంటే వేరు నుంచి పైకి అంతులేకుండా సాగే దారి మీద. అక్కడ వెంటవెంట వచ్చే n నోడ్లు కూడితే నార్మ్ n. గుర్తులు మారుస్తూ కూడితే √n. అంటే ఇది ఎల్1 (గుర్తులు వదిలి గుణకాల మొత్తమే నార్మ్) కాదు, ఎల్2 కూడా కాదు. ఫంక్షనల్ అంటే వెక్టర్‌కు ఒక సంఖ్య ఇచ్చే అవిచ్ఛిన్న సరళ ఫంక్షన్. శాఖ వెంట గుణకాలు కూడే ఫంక్షనల్ ప్రతి నోడ్ దగ్గరా 1 ఇస్తుంది కాబట్టి శాఖ నోడ్ల సీక్వెన్స్ వీక్‌గా సున్నాకు పోదు, అంటే ప్రతి ఫంక్షనల్ విలువా సున్నాకు పోదు. అందుకే జంటలుగా తేడాలు తీయండి: రెండోది నుంచి మొదటిది, నాలుగోది నుంచి మూడోది. జంట మొత్తం ఖండంలో పడితే రద్దవుతుంది. ఖండం రెండు కొసల్లో తెగిన జంటలే మిగులుతాయి. గుణకాల ఎల్2 నార్మ్‌కు √2 రెట్లకు తగ్గదు, 2 రెట్లు దాటదు.

ఖండంలో ఖాళీలు అనుమతించారో, పని చెడినట్టే. ధన గుణకాలే ఏరుకోవచ్చు, రుణాలే ఏరుకోవచ్చు. శాఖ మీద కనీసం ఎల్1 నార్మ్‌లో సగం వచ్చేస్తుంది.

ఏ అనంత పరిమాణ సబ్‌స్పేస్‌కైనా దారి ఇదే. ఒకదానికొకటి కనీసం 1/2 దూరంలో ఉండే యూనిట్ వెక్టర్లు తీసుకోండి. ఈ స్పేస్‌లో ఎల్1 ఇమడదు గనుక రోజెంతాల్ సిద్ధాంతం వీక్ కోషీ సబ్‌సీక్వెన్స్ (ప్రతి ఫంక్షనల్ విలువా ఒక పరిమితికి చేరేది) ఇస్తుంది. జంటల తేడాలు వీక్‌గా సున్నాకు పోతాయి, నార్మ్ మాత్రం 1/2కి తగ్గదు. వాటిలోంచి ఎల్2తో సమానమైన సబ్‌సీక్వెన్స్ తీయవచ్చని అమెమియా, ఇటో 1981లో చూపారు.

ఇంతా చేసి డ్యూయల్ (ఫంక్షనల్స్ అన్నిటి స్పేస్) కూడా సెపరబుల్, అంటే లెక్కించదగ్గ దట్టమైన సమితి ఉన్నది, అనుకోకండి. శాఖలు లెక్కపెట్టలేనన్ని, వేర్వేరు శాఖల ఫంక్షనల్స్ మధ్య దూరం కనీసం 1.