ఫుల్ బ్యాక్‌గా ఎదగడం ఎలా? ముందు కాలు ఆపుకోవడం నేర్చుకోండి

మా దగ్గర ఫుట్‌బాల్ టీమ్ కట్టే పద్ధతి ఒకటుంది. బాగా ఉరికేటోడు ఫార్వర్డ్. ఎత్తున్నోడు స్టాపర్, అంటే గోల్ ముందు మధ్యలో కాపలా కాసేటోడు. దెబ్బలకు భయపడనోడు గోల్‌కీపర్. అందరినీ పంచాక ఒకడు మిగులుతాడు, వాణ్ణి సైడ్ బ్యాక్‌లో, అంటే వెనక వరసలో కుడి పక్కనో ఎడమ పక్కనో నిలబెడతారు. ఫుల్ బ్యాక్ అంటే ఆ జాగానే. నల్లగొండలో, మిర్యాలగూడలో, మహబూబ్‌నగర్‌లో ఏ స్కూల్ మ్యాచ్‌కు పోయినా ఇదే వరస. ఆ పిల్లవాడి మీద నుంచే మూడు గోల్స్ పడతాయి, తిట్లూ వాడికే పడతాయి. వాడికి ఆ జాగాలో ఎట్ల నిలబడాలో చెప్పినవాళ్లు ఒక్కరూ ఉండరు. పదేళ్లు రైట్ బ్యాక్ ఆడాను, ఇప్పుడు పొద్దున్నే పిల్లలకు నేర్పుతున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. పక్కన నిలబడేవాడిని ఫుల్ బ్యాక్ అని ఎందుకంటారని పిల్లలు అడుగుతారు. పాతకాలంలో గోల్‌కీపర్ ముందు ఇద్దరే ఉండేవాళ్లు, అందరికంటే వెనక ఉండేది వాళ్లే కాబట్టి ఫుల్ బ్యాక్‌లు. వాళ్ల ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఆపైన అయిదుగురు ఫార్వర్డ్‌లు. 1925లో ఆఫ్‌సైడ్ నిబంధన మారాక మధ్యలో ఉండే సెంటర్ హాఫ్ వెనక్కి దిగాడు, ఈ ఇద్దరూ చెరో పక్కకు జరిగారు. జాగా మారింది, పేరు మిగిలింది. 1951లో ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో స్వర్ణం గెలిచిన మన జట్టు కెప్టెన్ శైలేన్ మన్నా ఫుల్ బ్యాకే. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు ఎత్తిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టులో ఫుల్ బ్యాక్‌గా ఆడిన అజీజుద్దీన్ ఒలింపిక్స్‌కు పోయారు. మిగిలినోడికి ఇచ్చే జాగా అయితే ఇదంతా జరిగేదా?

సామాను

బూట్లు, షిన్ గార్డ్‌లు, బంతి. పన్నెండేళ్లలోపు పిల్లలకు 4వ సైజు బంతి, పెద్దవాళ్లకు 5వ సైజు. బూట్ల విషయంలో ఒక్కటే చెప్తాను: మన గ్రౌండ్లు ఎర్రమట్టి, ఎండాకాలం సిమెంటు లెక్క గట్టిపడతాయి. పొడుగు స్టడ్‌ల బూట్లు కొనకండి, మడమలు, మోకాళ్లు పోతాయి. అడుగున చిన్న చిన్న రబ్బరు బుడిపెలుండే టర్ఫ్ షూ చాలు. గీతలకు సున్నం. ఆడే ముందు అందరూ వరసగా నడిచి పల్లేరు కాయలు ఏరండి. అంతే.

ఒంటిని సిద్ధం చేయడం

ఫుల్ బ్యాక్ ఆట అంటే ముప్పై, నలభై మీటర్లు ఉరకడం, ఆగడం, మళ్లీ వెనక్కి ఉరకడం. తొంభై నిమిషాలూ అదే పని. కాబట్టి స్టేడియం చుట్టూ మెల్లగా పది రౌండ్లు కొట్టడం దండగ. ముప్పై మీటర్లు గట్టిగా ఉరకండి, నడిచి వెనక్కి రండి, పన్నెండుసార్లు చేయండి. వారానికి మూడు రోజులు. తొడ వెనక కండరాన్ని, హ్యామ్‌స్ట్రింగ్‌ను, బలపరిచే కసరత్తు వారానికి రెండుసార్లు తప్పనిసరి. ఈ జాగాలో ముందు పట్టేసేది అదే.

రెండు కాళ్లూ ఆడాలి. ఇటలీకి చెందిన పావొలో మాల్దినీ కుడికాలి ఆటగాడు, ఏసీ మిలాన్‌లో ఎడమవైపు ఆడి ప్రపంచంలోనే గొప్ప లెఫ్ట్ బ్యాక్ అనిపించుకున్నాడు. ఫిలిప్ లామ్ కూడా కుడికాలి వాడే, రెండు వైపులా ఆడాడు. అతని ఎత్తు 170 సెంటీమీటర్లు. 2014లో జర్మనీకి ప్రపంచకప్ తెచ్చిన కెప్టెన్ అతనే. మావాడు పొట్టి అని బాధపడే నాయనలకు ఈ మాట చెప్తుంటాను.

అసలు కష్టం: ఒంటరిగా వింగర్ ఎదురైనప్పుడు

ఇక్కడ మెల్లగా చదవండి. ఫుల్ బ్యాక్ బతుకంతా ఈ ఒక్క పనిలో ఉంది. నేను చూసిన పిల్లల్లో పదిమందిలో తొమ్మిదిమంది పాడుచేసేదీ ఇక్కడే.

బంతి వింగర్‌కు, అంటే అవతలి జట్టులో లైన్ వెంట ముందుకొచ్చే ఫార్వర్డ్‌కు వచ్చింది. మీరు, వాడు, మధ్యలో రెండు గజాల జాగా. లైన్ బయట నుంచి అరుపులు మొదలవుతాయి: "కాలు పెట్టురా! బాల్ గుంజుకో!" పిల్లవాడు కాలు పెడతాడు. వింగర్ బంతిని పక్కకు తోస్తాడు. అయిపోయింది. వాడు మీ వెనక ఉన్నాడు, మీరు ఒంటికాలి మీద ఉన్నారు.

ఆ అరుపులు వినకండి. నేర్పేటప్పుడు తల్లిదండ్రులను లైన్‌కు ఇరవై మీటర్ల అవతల నిలబెడతాను, ఒకరిద్దరికి కోపం వచ్చినా సరే. మా ఇంటర్ కాలేజ్ మ్యాచ్‌లో, ఒక్క గోల్ ఆధిక్యంలో ఉండగా, ఆఖరు నిమిషాల్లో నేను అట్లనే ఒక అరుపు విని కాలు పెట్టాను. స్కోరు సమమైంది, ఆ తర్వాత ఓడిపోయాం. ఆ వింగర్ నన్ను దాటిపోయిన వైపు ఇప్పటికీ గుర్తుంది: లోపలి వైపు, గోల్ వైపు. పోనియ్యకూడని వైపు.

మన ఊళ్లలో కబడ్డీ తెలియని పిల్లవాడు లేడు కాబట్టి అట్లనే చెప్తాను. కార్నర్‌లో ఉన్నవాడు రైడర్ రాగానే మీదపడతాడా? ఆగుతాడు. రైడర్ కాలు చాచేదాకా, బరువు ఒక పక్కకు ఒరిగేదాకా ఆగి, అప్పుడు చీలమండ పట్టుకుంటాడు. తొందరపడి మీదపడితే అడ్వాన్స్ ట్యాకిల్ అని మనమే తిడతాం. ఫుల్ బ్యాక్‌దీ అదే పని.

ఇప్పుడు వరసగా చెప్తాను.

బంతి వింగర్ వైపు ప్రయాణిస్తున్నప్పుడే మీరు ఉరకాలి. అది గాలిలోనో నేల మీదో ఉన్నంతసేపు ఆ సమయం మీది. వాడి కాలికి తగిలాక ఆ సమయం వాడిది. కాబట్టి మొదటి సగం దూరం శక్తికొద్దీ ఉరికి, ఆఖరి మూడు మీటర్లలో అడుగులు చిన్నవి చేయండి. చాలామంది పిల్లలు అదే వేగంతో వింగర్ మీదికి పోతారు. వేగంగా వచ్చేవాణ్ణి దాటడం ఎంత సులువో ఏ వింగర్‌నైనా అడగండి.

ఆగే దూరం: చేయి చాచితే వాడి భుజానికి కొంచెం అందనంత. అంతకంటే దగ్గర పోతే ఒక్క తోపుతో దాటేస్తాడు, దూరం ఉంటే తల ఎత్తి చూసి గోల్ ముందుకు బంతి వేస్తాడు, అంటే క్రాస్ కొడతాడు.

నిలబడే తీరు. వాడికి ఎదురుగా, రెండు పాదాలు పక్కపక్కన పెట్టి గోడలా నిలబడకండి. కాళ్ల సందులోంచి బంతి పోతుంది, తిరగడానికి కూడా సమయం పడుతుంది. పక్కకు తిరిగి నిలబడండి. రైట్ బ్యాక్ అయితే ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, ఒళ్లు టచ్ లైన్ (మైదానం పక్క గీత) వైపు తెరిచి. లెఫ్ట్ బ్యాక్ అయితే దీనికి తిరుగు. మోకాళ్లు వంచండి, బరువు పాదాల ముందు భాగం మీద ఉండాలి, మడమలు నేలకు ఆనకూడదు. ఇట్ల నిలబడితే గోల్‌కు పోయే లోపలి దారి మీరు మూశారు, లైన్ వైపు దారి వాడికి కనిపిస్తుంది.

అదే మనకు కావాలి. గొర్రెల మంద చేనుపక్క నుంచి పోయేటప్పుడు కాపరి ఏం చేస్తాడు? చేను దిక్కు తాను నిలబడి కట్టె అడ్డం పెడతాడు, మంద బాట పట్టుకుని పోతుంది. మన చేను గోల్. టచ్ లైన్ పక్కన వింగర్‌కు ఒకే దిక్కు ఉంటుంది, ఆ లైన్ కూడా మనకు ఒక ఆటగాడే. కొందరు కోచ్‌లు వింగర్‌ను లోపలికి పంపి స్టాపర్‌కు అప్పజెప్పమంటారు. నేను ఒప్పుకోను. జిల్లా స్థాయిలో మన స్టాపర్లు అంత సరిగ్గా జాగాలో ఉండరు. పెనాల్టీ ఏరియా దగ్గర లోపలికి తిప్పితే షాట్ కొడతాడు. బయటికే పంపండి, ఎప్పుడూ.

కళ్లు బంతి మీద. వాడి భుజాలు అబద్ధం చెప్తాయి, కళ్లు చెప్తాయి, కాలు బంతి మీద నుంచి తిరిగి అబద్ధం చెప్తుంది. బంతి మాత్రం తోస్తేనే కదులుతుంది. నడుము చూడమనే వాళ్లున్నారు; నేను రెండూ ప్రయత్నించాను, పిల్లలకు బంతే పనిచేస్తుంది.

ఇక వెనక్కి జరగండి. వాడు వస్తున్నకొద్దీ చిన్న అడుగులతో, అదే దూరం ఉంచుతూ. పాదాలు ఒకదాని మీదుగా ఒకటి వేయకండి. ఇది ఓడిపోవడంలా కనిపిస్తుంది, అందుకే బయటివాళ్లు అరుస్తారు. మీరు వెనక్కి జరిగే ప్రతి సెకనుకూ మీ హాఫ్ (మధ్య వరసలో ఆడేవాడు) వెనక్కి వస్తున్నాడు, స్టాపర్ దగ్గరవుతున్నాడు. నాలుగు సెకన్లు ఆపితే మీ పని సగం అయిపోయినట్టే, బంతి ముట్టకపోయినా సరే. అయితే పెనాల్టీ ఏరియా గీత దాకా జరుగుతూ పోవద్దు. గీతకు అయిదారు మీటర్ల ముందే ఆగి నిలబడాలి.

కాలు ఎప్పుడు పెట్టాలి? మూడే సందర్భాలు. వాడు బంతిని కాలికి దూరంగా, ఒక అడుగు కంటే ఎక్కువగా తోసినప్పుడు. మీకు వీపు చూపించినప్పుడు. అప్పుడు కూడా తిరగనియ్యకుండా ఆపండి చాలు, వెనక నుంచి కాలు వేస్తే ఫౌల్ పడొచ్చు. లైన్ దగ్గర ఇరుక్కుని బంతిని కాలి కిందికి లాక్కున్నప్పుడు. పెట్టేటప్పుడు ముందున్న కాలితో, పొడిచినట్టు, బంతినే. పెట్టి వెంటనే కాలు వెనక్కి. స్లైడింగ్ ట్యాకిల్ మన గ్రౌండ్లలో వద్దే వద్దు. మోకాలి నుంచి తుంటి దాకా చర్మం లేస్తుంది. పైగా కింద పడ్డ ఫుల్ బ్యాక్ ఆటలో లేనట్టే.

దాటిపోయాడా? వాడి వెంట పడకండి. దగ్గరి గోల్‌పోస్ట్ వైపు ఉరకండి, వాడు రావాల్సింది అక్కడికే.

దీనికి సాధన: సున్నంతో పది మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుతో ఒక డబ్బా గీయండి. ఒకడు బంతితో ఆ చివరికి చేరాలి, ఫుల్ బ్యాక్ ఆపాలి. మొదటి నెల రోజులు కాలు పెట్టడం నిషేధం. పది లెక్కపెట్టేలోపు వాడు చివరికి చేరకపోతే గెలుపు ఫుల్ బ్యాక్‌దే. పిల్లలకు ఇది నచ్చదు. "సార్, బాల్ తీసుకోకుంటే ఆటేంది?" అంటారు. రెండో వారానికి వింగర్లే విసిగిపోయి బంతి దూరంగా తోస్తారు, అప్పుడు అర్థమవుతుంది. ఫోన్‌లో వీడియోలు చూసి కోన్‌ల మధ్య, తాళ్ల నిచ్చెన మీద గంటలు గంటలు గెంతించే కోచింగ్ కంటే ఈ గీతలు వెయ్యి రెట్లు మేలు. కోన్ మోసం చేయదు. వింగర్ చేస్తాడు.

బంతి అవతలి వైపు ఉన్నప్పుడు

లోపలికి జరగండి, మీ స్టాపర్‌కు ఎనిమిది, పది మీటర్ల దూరంలోకి. బంతి, మీరు ఆపాల్సిన వింగర్ రెండూ కనిపించేలా ఒళ్లు తెరిచి ఉంచండి. మూడు సెకన్లకోసారి భుజం మీదుగా వెనక్కి చూడండి. దూరపు పోస్ట్ దగ్గర పడే గోల్స్‌లో ఎక్కువ భాగం ఈ చూపు లేకనే.

ముందుకు పోవడం

ఓవర్‌లాప్, అంటే మీ వింగర్‌ను బయటి వైపు నుంచి దాటి ముందుకు ఉరకడం, అందరికీ ఇష్టం. 1970 ప్రపంచకప్ ఫైనల్లో ఇటలీ మీద బ్రెజిల్ నాలుగో గోల్ కొట్టింది రైట్ బ్యాక్ కార్లోస్ అల్బెర్టోనే. బ్రెజిల్ రైట్ బ్యాక్ కఫూ 1994, 1998, 2002, వరుసగా మూడు ప్రపంచకప్ ఫైనల్స్ ఆడాడు. నా నియమం ఒకటే: మీ వింగర్ దగ్గర బంతి ఉండి, తల ఎత్తి ఉన్నప్పుడే పోండి. మీ జట్టులో రెండో వైపు ఫుల్ బ్యాక్ ముందుకు పోయి ఉంటే మీరు ఆగండి. పోయాక బంతి రాకపోయినా మొహం మాడ్చుకోకుండా ఉరికి వెనక్కి రండి.

ట్రయల్స్, ఆ తర్వాత

జనన ధ్రువపత్రం, ఆధార్, స్కూల్ బోనఫైడ్‌లో పుట్టిన తేదీ ఒకటే ఉందో లేదో ముందే చూసుకోండి. తేడా ఉండి వెనక్కి పంపిన పిల్లలను చూశాను. వయసు తగ్గించే పని అసలే చేయకండి.

ఒక ట్రయల్‌లో తీసుకోకపోతే అంతా అయిపోలేదు. స్కాట్లాండ్ లెఫ్ట్ బ్యాక్ ఆండీ రాబర్ట్‌సన్‌ను చిన్నగా ఉన్నావని సెల్టిక్ అకాడమీ పంపేసింది. అతను క్వీన్స్ పార్క్ అనే అమెచ్యూర్ జట్టులో మొదలుపెట్టి, డండీ యునైటెడ్, హల్ మీదుగా 2017లో లివర్‌పూల్ చేరి, 2019లో చాంపియన్స్ లీగ్ గెలిచాడు. దగ్గర ఉదాహరణ కావాలంటే, 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన సీజన్‌లో కుడివైపు ఆశిష్ రాయ్, ఎడమవైపు ఆకాశ్ మిశ్రా ఆడారు, ఇద్దరూ అప్పటికి పాతికేళ్లు నిండని కుర్రాళ్లే. చదువు మాత్రం వదలొద్దు. ఆటగాళ్లకు రైల్వే, పోలీసు వంటి ఉద్యోగాలు స్పోర్ట్స్ కోటాలో ఉంటాయి, వాటికీ చదువు కావాలి.

ట్రయల్ రోజు మొదటి పది నిమిషాల్లో ఒక్కసారి కూడా కాలు పెట్టకండి. వింగర్‌ను లైన్‌కు నెట్టండి, బంతి దొరికితే దగ్గరి మనిషికి ఇవ్వండి, స్టాపర్‌తో గట్టిగా మాట్లాడండి. సెలెక్టర్ కాగితం పట్టుకుని ఏ పొజిషన్ అని అడిగితే ఎక్కడైనా ఆడతాను అని నసగకండి. రైట్ బ్యాక్, సార్ అని చెప్పండి.