ఇల్లు పిల్లల పేరున రాసే ముందు: వయసు మళ్లిన తల్లిదండ్రులు చూసుకోవలసిన కాగితాలు, లెక్కలు

డెబ్బై ఏళ్లకు దగ్గరైన పెద్దవాళ్లున్న ఇంట్లో ఆస్తి మాట వస్తే, "ఇప్పుడే రాసిచ్చేస్తే తర్వాత గొడవ ఉండదు" అనే సలహా ముందుగా వినిపిస్తుంది. అయితే ఆ పని తొందరపడి చేయవలసింది కాదు. కాగితాలు సరిచేసుకుని, చక్కగా ఒక వీలునామా రాసుకుంటే, చాలా ఇళ్లలో బతికుండగా ఆస్తి రాసివ్వవలసిన అవసరమే రాదని నా అభిప్రాయం.

మొదట కాగితాలన్నీ ఒకచోట చేర్చాలి. అసలు దస్తావేజులు, లింకు దస్తావేజులు (అంతకుముందు యజమానుల పేరున ఉన్న పాత దస్తావేజులు), పట్టాదారు పాసుపుస్తకం, ఇంటి పన్ను రసీదులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ బాండ్లు, బీమా పాలసీలు, పెన్షన్ ఆర్డరు, ఇచ్చిన చేబదుళ్లు, రాసిచ్చిన ప్రామిసరీ నోట్లు, ఇవన్నీ ఎక్కడున్నాయో ఒక నోటుపుస్తకంలో రాసి, ఆ పుస్తకం జాడ భార్యాభర్తలిద్దరికీ, పిల్లల్లో కనీసం ఒకరికీ తెలిసేలా చూడాలి. పొలం వివరాలు తెలంగాణలోనైతే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్ భూభారతిలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనైతే అలాంటి పోర్టల్ మీభూమిలోని 1బి, అడంగల్ రికార్డుల్లోనూ సరిపోతున్నాయో లేదో చూసి, ఇంటికీ స్థలానికీ ఈసీ, అంటే ఆ ఆస్తిపై జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలను చూపే ధ్రువపత్రం తీయించాలి. పేర్లలో తేడాలు ఈ దశలోనే బయటపడతాయి. దస్తావేజులో సుబ్బాయమ్మ, ఆధార్‌లో వెంకట సుబ్బమ్మ, బ్యాంకు పుస్తకంలో పుట్టింటి ఇంటిపేరు ఉండటం మన ఇళ్లలో మామూలే. ఆ మనిషే వెళ్లి సంతకం పెడితే సరిపోయే దిద్దుబాటు, ఆ మనిషి పోయాక ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు, వారసులందరి సంతకాలు, ఒక్కోసారి కోర్టు ఉత్తర్వులు కావలసిన వ్యవహారంగా మారుతుంది.

తర్వాత, ఏది స్వార్జితమో ఏది పిత్రార్జితమో విడదీసి చూసుకోవాలి. స్వార్జితాన్ని ఎవరికైనా ఇచ్చుకునే హక్కు ఉంటుంది గానీ, హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో తన వాటా వరకే వీలునామా రాయగలరు. ఆ ఆస్తిలో హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణ ప్రకారం కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని, సవరణ నాటికి తండ్రి జీవించి ఉండనక్కరలేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చిచెప్పింది. పెళ్లిలో కట్నమిచ్చామన్న మాట ఆ హక్కును తీసివేయదు.

వీలునామా లేకుండా హిందూ పురుషుడు మరణిస్తే, అతని స్వార్జితం భార్యకు, పిల్లలకు, జీవించి ఉంటే అతని తల్లికి కూడా సమాన వాటాలుగా వెళ్తుంది. ముగ్గురు పిల్లలుండి, అతని తల్లి జీవించి లేకపోతే, జీవితమంతా ఆ ఇంట్లోనే గడిపిన భార్యకు దక్కేది నాలుగో వంతు; మిగతా ముగ్గురిలో ఎవరు పంపకం కోరినా ఆమె నివాసానికే ఎసరు వస్తుంది. వీలునామా రాయడానికి నా దృష్టిలో ఇంతకన్నా బలమైన కారణం లేదు. "నా తదనంతరం ఈ ఇంటిని నా భార్య తన జీవితాంతం అనుభవించవలెను, ఆమె తదనంతరం నా పిల్లలకు సమానంగా చెందవలెను" అని రాస్తే ఆమెకు నివాస భద్రత దొరుకుతుంది. అయితే అవసరం వచ్చినప్పుడు అమ్ముకునే అధికారం కూడా ఆమెకు ఉండాలనుకుంటే, ఆ మాట విడిగా స్పష్టంగా రాయాలి.

వీలునామాకు స్టాంపు పేపరు అక్కరలేదు, తెల్లకాగితం చాలు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. తప్పనిసరైనది రాసేవారి సంతకం లేదా వేలిముద్ర, దాన్ని చూసి సంతకం చేసిన ఇద్దరు సాక్షులు. వాటా పొందేవారిని సాక్షులుగా పెట్టకూడదు. రేపు కోర్టులో వీలునామాను రుజువు చేయడానికి సాక్షుల్లో ఒకరైనా వచ్చి చెప్పవలసి ఉంటుంది కనుక, వయసులో చిన్నవారిని, ఊళ్లో అందుబాటులో ఉండేవారిని ఎంచుకోవడం మేలు. ఆస్తి వివరంలో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు దస్తావేజులో ఉన్నట్టే ఎక్కించాలి. ఒక బిడ్డకు తక్కువ ఇస్తుంటే కారణం ఒక వాక్యంలో రాయాలి, లేకపోతే ఎవరో ఒత్తిడి పెట్టి రాయించారన్న వాదనకు చోటిచ్చినట్టవుతుంది. అదే రోజున మతి స్థిమితంగా ఉన్నదని డాక్టరు సర్టిఫికెట్ తీసుకుని, రిజిస్టరు చేయిస్తే తర్వాత వివాదం వచ్చినా బలం ఉంటుంది. మంచం దిగలేనివారి ఇంటికి సబ్‌రిజిస్ట్రారే వచ్చే వీలు చట్టంలో ఉంది. వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. ముస్లిం కుటుంబాల్లో మాత్రం మూడో వంతుకు మించి వీలునామా ద్వారా ఇవ్వాలంటే వారసుల సమ్మతి కావాలి.

ఇంత చెప్పినా కొందరికి ఇప్పుడే రాసివ్వక తప్పని పరిస్థితి ఉండవచ్చు. గిఫ్ట్ డీడ్ (దాన దస్తావేజు) రిజిస్టరయ్యాక, ఇచ్చినవారు తమంతట తాము రద్దు చేసుకోలేరు. అందుకే, తమను పోషించి, వైద్యం చేయించి, ఆ ఇంట్లోనే ఉండనివ్వాలన్న షరతును దస్తావేజులోనే రాయించాలి. ఆ షరతు తప్పితే, 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రైబ్యునల్‌ను ఆశ్రయించి ఆ దస్తావేజును చెల్లకుండా చేయించుకోవచ్చు. "మా పిల్లలు అలాంటివాళ్లు కాదు" అని మొహమాటపడి షరతు రాయకపోవడం మంచిది కాదు, ఎందుకంటే పిల్లలు మంచివాళ్లే అయితే ఆ వాక్యం వల్ల వారికి నష్టమేమీ లేదు.

బ్యాంకు విషయానికొస్తే, భార్యాభర్తల ఖాతాలను ఇద్దరిలో ఎవరైనా తీసుకునే విధంగా, అంటే ఐదర్ ఆర్ సర్వైవర్ పద్ధతిలో మార్పించాలి. 2025 నవంబరు 1 నుంచి డిపాజిట్లకు నలుగురు దాకా నామినీలను పెట్టే వీలు వచ్చింది. కానీ బ్యాంకు డిపాజిట్లో నామినీ డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే. అసలు హక్కుదారు ఎవరన్నది వీలునామాయో వారసత్వ చట్టమో తేలుస్తుంది. నామినేషనూ, వీలునామా ఒకే పేరు చెప్పేలా చూసుకోవాలి. అరవై దాటినవారు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో ముప్ఫై లక్షల దాకా వేసుకుని మూడు నెలలకోసారి వడ్డీ అందుకోవచ్చు. డెబ్బై దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, అయితే వెళ్లదలచిన ఆస్పత్రి అందులో ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

పెద్దవాళ్లకు మతిమరుపు ముదిరితే ఏం చేయాలన్నది ఎక్కువమంది వదిలేసే ప్రశ్న. మన చట్టంలో జీపీఏ, అంటే తన తరఫున వ్యవహరించే అధికారాన్ని మరొకరికి రాసిచ్చే పత్రం (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), ఇచ్చిన మనిషికి మతి స్థిమితం తప్పితే ఆ జీపీఏ అక్కడితో ముగుస్తుంది. ఆపైన సంరక్షకుణ్ణి నియమించమని కోర్టుకు వెళ్లవలసిందే. కాబట్టి జ్ఞాపకశక్తి తగ్గుతున్న సూచన కనిపించగానే జాయింటు ఖాతా, వీలునామా పనులు ముగించాలి. ఆఖరి దశలో వెంటిలేటరు వద్దనుకునేవారు, సుప్రీంకోర్టు 2023లో సరళం చేసిన పద్ధతిలో ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరించిన పత్రం రాసి ఉంచుకోవచ్చు.

పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే మరొకటి చూసుకోవాలి. విదేశాల్లో స్థిరపడిన భారత పౌరులు ఇక్కడ సాగుభూమి కొనలేకపోయినా, వారసత్వంగా పొందగలరు. పంపకానికి రాలేకపోతే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ పంపవచ్చు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి కనుక, కొరియరు వచ్చిన కవరును తేదీతో సహా భద్రపరచాలి.