సైన్యం నుంచి వచ్చిన మహిళ ఉద్దానంలో జీడిపప్పు యూనిట్ పెట్టుకోవడం ఎలా

మిలిటరీ నర్సింగ్ సర్వీసులో గానీ, 1992 నుంచి మహిళలను తీసుకుంటున్న ఇతర ఆఫీసరు విభాగాల్లో గానీ షార్ట్ సర్వీసు (కొన్నేళ్లకే పరిమితమైన ఆఫీసరు ఉద్యోగం) ముగించుకొని శ్రీకాకుళం జిల్లాకు తిరిగివచ్చే మహిళ చేతికి గ్రాట్యుటీ అందుతుంది గాని, 20 ఏళ్ల సర్వీసు నిండలేదు కనుక సాధారణంగా పింఛను రాదు. ఆ సొమ్ము ఒక్కసారే వస్తుంది. ఉద్దానంలోని పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో జీడిపప్పు వ్యాపారం పెట్టాలనుకునే మాజీ సైనికురాలు ఏ నిర్ణయం తీసుకున్నా ఈ సంగతిని ముందుంచుకొనే తీసుకోవాలి.

మొదటి పని కాగితాలు. విడుదల ఉత్తర్వులు తీసుకొని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి మాజీ సైనికుల గుర్తింపు కార్డు పొందండి. నిర్ణీత సర్వీసు పూర్తిచేసి గ్రాట్యుటీతో విడుదలైన షార్ట్ సర్వీసు ఆఫీసర్లకు ఈ గుర్తింపు వర్తిస్తుంది. చిన్న పరిశ్రమల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్లో ఉచితంగానే అవుతుంది. దానికోసం ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. బ్యాంకు ఖాతా, షెడ్డు అద్దె ఒప్పందం, ఆహార భద్రతా లైసెన్సు అన్నీ మీ పేరు మీదే ఉండాలి. ఇంట్లో మగవారి పేరు పెడితే పని సులువవుతుందని సలహా ఇచ్చేవారు ఉంటారు. అలా చేస్తే మహిళగా, మాజీ సైనికురాలిగా మీకు దక్కవలసిన సబ్సిడీ రేటు చేజారుతుంది, సంతకం చేసే అధికారం కూడా మీ చేతిలో ఉండదు.

ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద దరఖాస్తును జిల్లా పరిశ్రమల కేంద్రం ద్వారా పంపవచ్చు. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం తయారీ యూనిట్‌కు గరిష్ఠ వ్యయం 50 లక్షల రూపాయలు. మహిళలూ మాజీ సైనికులూ ప్రత్యేక వర్గం కిందికే వస్తారు కనుక గ్రామంలో పెట్టే యూనిట్‌కు 35 శాతం, పట్టణంలో అయితే 25 శాతం సబ్సిడీ ఉంటుంది. రెండు అర్హతలూ ఉన్నంత మాత్రాన అది రెట్టింపు కాదు. గ్రామంలో 10 లక్షల ప్రాజెక్టు అనుకుంటే మీ వాటా 50 వేలు, సబ్సిడీ మూడున్నర లక్షలు. అయితే ఆ సబ్సిడీ వెంటనే మీ చేతికి రాదు. మూడేళ్లపాటు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, ఆ తరువాత అప్పులో సర్దుబాటవుతుంది. భూమి ధరను ప్రాజెక్టు వ్యయంలో చూపకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ పథకం కొత్త యూనిట్లకే వర్తిస్తుంది. ముందు యంత్రాలు కొని పని మొదలుపెట్టి, ఆ తరువాత దరఖాస్తు చేద్దామనుకోవద్దు.

ఇక అసలు విషయం, పెట్టుబడి ఎక్కడ చిక్కుకుంటుందనేది. జీడిపిక్కలు ఏడాది పొడుగునా తోటల్లో దొరికేవి కావు. వేసవి నెలల్లో కొని నిల్వచేసి, ఉడికించి, పగలగొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడు చేసి, పప్పును మిగతా ఏడాదంతా అమ్మాలి. అంటే పిక్కల మీద పెట్టిన డబ్బు నెలల తరబడి గోడౌన్‌లోనే ఉంటుంది. ఈలోగా పప్పు ధర పడితే నష్టం మీదే. యంత్రాలకు అప్పు దొరుకుతుంది గాని, పిక్కలు కొనే సమయానికి నగదు లేక కొత్తవారు గ్రాట్యుటీని కదిలిస్తారు. అందువల్ల మొదటి మూడేళ్లూ పిక్కల జోలికి పోవద్దని నా గట్టి సలహా. పలాస–కాశీబుగ్గ యూనిట్ల నుంచి పప్పు కొని, గ్రేడు చేసి, వేయించి, ప్యాక్ చేసి అమ్మే యూనిట్‌గా ప్రాజెక్టు రిపోర్టు రాయించుకోండి. సరుకు వారాల్లో తిరుగుతుంది, డబ్బూ తిరుగుతుంది.

గ్రేడు తెలియకుండా పప్పు కొనవద్దు. డబ్ల్యూ 240 అంటే పౌండుకు (సుమారు 454 గ్రాములు) 220 నుంచి 240 గుండ్లు, అంటే విరగని పప్పులు, డబ్ల్యూ 320 అంటే 300 నుంచి 320 గుండ్లు తూగుతాయి. బస్తాలో పైన ఒక గ్రేడు, అడుగున ఒక గ్రేడు ఉండవచ్చు కనుక మధ్యలోంచి తీసి, తూకం వేసి, లెక్కపెట్టండి. తేమ 5 శాతానికి మించితే పప్పు త్వరగా ముక్కిపోతుంది, సముద్రపు గాలి ఆడే ఉద్దానంలో మరీ త్వరగా. ప్యాకెట్ మీద నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, ప్యాక్ చేసిన నెల, మీ పేరు, చిరునామా, ఫిర్యాదుల ఫోన్ నంబరు తప్పనిసరి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని ఎలా నేలమట్టం చేసిందో ఇక్కడివారందరికీ గుర్తుంది. సరుకును నేలకు ఎత్తుగా చెక్క దిమ్మల మీద పెట్టి, అగ్నిప్రమాదానికే కాక తుపానుకూ వరదకూ వర్తించే బీమా చేయించి, అక్టోబరు, నవంబరు నెలల్లో నిల్వ తగ్గించుకోండి.

పనివారి విషయంలో సైన్యం అలవాటు సగం పనికివస్తుంది. సరుకు రిజిస్టరు, హాజరు పట్టీ, సాయంత్రం తూకం మీకు కొత్తేమీ కాదు. కానీ గ్రేడు చేసే, ప్యాక్ చేసే అక్కచెల్లెళ్లు ఆర్డరుకు పనిచేయరు. వారికి కిలో లెక్కన కూలి, అది కూడా సంత రోజుకు ముందే చేతిలో పడాలి. ఆ ఒక్క మాట నిలబెట్టుకున్న యజమాని దగ్గరికి మనుషులు వెతుక్కుంటూ వస్తారు.

అమ్మకానికి మీ పాత యూనిట్ సహచరులు మంచి ఆరంభం. దేశమంతటా ఉన్న ఆ కుటుంబాలకు దసరా, దీపావళి ముందు స్పీడ్ పోస్టులో పంపవచ్చు. స్నేహం ఉన్నచోట కూడా డబ్బు ముందుగానే తీసుకోండి, అరువు పెట్టవద్దు. మూడేళ్లు గడిచి, సబ్సిడీ సర్దుబాటై, మొదటి అప్పు గడువులోగా తీర్చి, లాభం చూపగలిగితే విస్తరణకు అదే పథకంలో రెండో అప్పు అడగవచ్చు. పిక్కలు కొని పగలగొట్టే యంత్రాల ఆలోచన అప్పుడు చేయండి.