మూడో గుర్తుకు ఓటేద్దామనుకుంటున్నారా

నాకు నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలంలో మోటర్ వైండింగ్ షాపు ఉంది. ఎన్నికలు వస్తే షాపు ముందు బెంచీ మీద ఒకటే మాట: "గెలవనోనికి ఏస్తే ఓటు మురిగిపోతది తమ్మీ." రెండు పెద్ద పార్టీలూ నచ్చనివాళ్లు ఈ ఒక్క మాటకే వెనక్కి తగ్గుతారు. అలాంటి మూడో అభ్యర్థికి నేను రెండుసార్లు పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. అక్కడ నేర్చుకున్నదే చెప్తున్నాను.

ముందు, ఎందుకు వేస్తున్నారో ఒక్క ముక్కలో చెప్పగలగాలి. 1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండలో 480 మంది పోటీలో నిలబడ్డారు. ఫ్లోరైడ్ నీళ్ల బాధ ఢిల్లీ దాకా వినబడాలని రైతులు కుప్పలుగా నామినేషన్లు వేశారు. బ్యాలెట్ పేపరును పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది, పోలింగే వాయిదా పడింది. మా నాయనమ్మ వేళ్లు ఫ్లోరైడ్‌తో వంకరపోయి ఉండేవి. ఆ పుస్తకంలో పేజీలు విడదీయలేక బొటనవేలు నాలుకకు అద్దుకుంటూ తిప్పానని ఎన్నేళ్లయినా చెప్పేది. గెలుస్తాడని వేయలేదు ఆమె. నీళ్ల కోసం వేసింది. ఆ తర్వాత పార్లమెంటుకు నామినేషన్‌తో పాటు కట్టే డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచారు. ఇప్పుడు పార్లమెంటుకు 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు.

తర్వాత పోయినసారి లెక్క చూడండి. ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో ఫారం 20లో ఉంటుంది, ఎన్నికల సంఘం వెబ్‌సైట్లో దొరుకుతుంది. మా మునుగోడులో 2022 ఉప ఎన్నిక మెజారిటీ పది వేల చిల్లర, మరుసటి ఏడాది అది నలభై వేలు దాటింది. అంత తేడా ఉన్నచోట మీ ఓటు వల్ల ఎవరూ ఓడరు, ధైర్యంగా వేయండి. పోటీ బిగుసుకున్నప్పుడు మాత్రం ఆలోచించాలి. ఇద్దరూ మీకు ఒకటే అనిపిస్తే మూడో బటన్ నొక్కండి. ఒకడు గెలిస్తే ఊరికి నష్టమని గట్టిగా నమ్మితే రెండోవాడికి వేయండి, తప్పేం లేదు.

మనిషిని కూడా చూడాలి. ఓట్లు చీల్చడానికి పెద్ద పార్టీలే నిలబెట్టినవాళ్లు ఉంటారు. ఆస్తులు, కేసులు రాసిచ్చే అఫిడవిట్ చదవండి, ఎన్నికలు లేని రోజుల్లో మీ ఊరికి వచ్చాడా అడగండి. 2023లో కొల్లాపూర్‌లో బర్రెలక్కగా పేరుపడ్డ శిరీష విజిల్ గుర్తు మీద స్వతంత్రంగా నిలబడితే ఐదు వేలకు పైగా ఓట్లు వచ్చాయి. గెలవలేదు కానీ ఉద్యోగాల్లేని పిల్లల గోస రాష్ట్రమంతా మాట్లాడుకుంది.

ఇక బూత్‌లో జాగ్రత్త. యంత్రం మీద ముందు గుర్తింపు ఉన్న పార్టీలు, తర్వాత చిన్న పార్టీలు, చివర స్వతంత్రులు ఉంటారు. ఒక్కో యంత్రానికి 16 బటన్లే. 2022లో మా దగ్గర 47 మంది, ఎవరూ నచ్చలేదని నొక్కే నోటాతో 48, అంటే మూడు యంత్రాలు. మనవాడు మూడో యంత్రంలో ఉంటే ముసలివాళ్లు మొదటిదాని దగ్గరే ఆగిపోతారు. పైగా పెద్ద పార్టీ గుర్తయిన కారులా కనబడే గుర్తులు ఇంకొన్ని ఉంటాయి. అందుకే సీరియల్ నంబరు, గుర్తు రెండూ ఇంట్లోనే నోటికి నేర్పించండి. నొక్కాక పక్కనున్న పెట్టెలో చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది, చూశాకే కదలండి.

నోటా వేరు, ఇది వేరు. నోటాకు ఎన్ని పడ్డా ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలుస్తాడు. మూడో అభ్యర్థికి పడ్డ ఓటు అతని ఖాతాలో లెక్కకొస్తుంది: పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటితే డిపాజిట్ దక్కుతుంది, రాష్ట్రంలో పార్టీకి 8 శాతం వస్తే సీట్లు లేకున్నా గుర్తింపు వస్తుంది.

"మీ బూత్‌ల ఎన్ని పడ్డయో మాకు తెలుస్తది" అని బెదిరిస్తే భయపడకండి. ఎన్నో తెలుస్తుంది, ఎవరివో తెలియదు.

నేను ఏజెంటుగా కూర్చున్న రెండోసారి మా బూత్‌లో మా అభ్యర్థికి 31 పడ్డాయి. నెల తిరగకుండా గెలిచిన పార్టీ మండల నాయకుడు షాపుకొచ్చి కూర్చున్నాడు. "ఆ ముప్పై ఒక్కమందికి ఏం కావాల్నే?" అన్నాడు. చేతిలో కాయిల్ పక్కనపెట్టి, బడి ముందు పొంగే మోరీ దగ్గరికి తీసుకుపోయి చూపించాను.