జాతరలో హార్న్ సబ్‌లు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

తిరపతిలో గంగమ్మ జాతరకి హార్న్ సబ్‌లు (లోపల గొట్టంలా మలిచిన బేస్ బాక్సులు) దించే తమ్ముళ్ళూ, పాట పెట్టకముందే ఇవి చూసుకోండి.

- అన్నిటికంటే ముందు హైపాస్ ఫిల్టర్, అంటే మరీ కింది బేస్‌ని ఆపేసే సెట్టింగ్. ప్రతి హార్న్ సబ్‌కీ ఒక కటాఫ్ (అది పాడగలిగే అతి కింది బేస్) ఉంటాది, దానికంటే కిందికి పోతే హార్న్‌లో గాలి ఇంక కోన్‌ని (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే భాగం) పట్టుకోదు, సౌండ్ పెరగదు గానీ కోన్ మాత్రం విపరీతంగా ఊగతాది, బయటికేమో ఏమీ వినపడదు కాబట్టి మనం ఇంకా వాల్యూమ్ పెంచతాం, అక్కడే డ్రైవర్ (బాక్సులోని స్పీకర్) పోయేది. బాక్సు 40 హెర్ట్జ్ దాకానే పాడేదైతే ఆ దగ్గర్లోనే 24 డీబీ స్లోప్‌తో (ఆ కిందికి సౌండ్ గట్టిగా తగ్గిపోయేట్టు) కట్ చేయండి. 20 హెర్ట్జ్ అల పొడుగే 17 మీటర్లు, చిన్న హార్న్‌లో ఈక్యూలో (బేస్, ట్రెబుల్ సరిచేసేది) బూస్ట్ చేస్తే అది రాదన్నా, దయచేసి చేయొద్దు.

- ఆంప్లిఫైయర్ మీద క్లిప్ లైటు (అది మోయలేనంత సౌండ్ అడగతున్నామని చెప్పేది) వెలగతా ఉంటే తగ్గించాల్సిందే, స్పీకర్ కాయిల్ కాలిపోతాది.

- పోలారిటీ (ప్లస్, మైనస్ వైర్ల కలపడం) అన్నిటికీ ఒకటే. ఒక్క బాక్సు రివర్స్ అయినా ఒకదాన్నొకటి కొట్టేసుకుని బేస్ తగ్గిపోతాది.

- బాక్సులు నేలమీద పక్కపక్కనే పెట్టండి, పైన పేర్చితే బెల్టు కట్టండి, అదురుకి జరగతాయి.

- బాక్సు నోటి ముందర చిన్నపిల్లల్ని నిలబడనీయొద్దు, తాడు కట్టి దూరం పెట్టండి, నిజంగా చెప్తాండా, పోయిన వినికిడి మళ్ళీ రాదు. ఆపరేట్ చేసేవాళ్ళూ ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోండి.

- రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా పర్మిషన్ లేకుండా సౌండ్ పెట్టొద్దు.